ఐదో మెషిన్ కొనేముందు: మడికొండలోని మా షెడ్డులో మెషిన్ మానిటరింగ్ పెట్టించుకున్న అనుభవం

వరంగల్ దగ్గర మడికొండ పారిశ్రామికవాడలో మాది చిన్న మెషిన్ షాపు. కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మూడు సీఎన్‌సీ లేత్‌లు, అలాగే ప్రోగ్రాంతో మిల్లింగ్, డ్రిల్లింగ్ చేసే ఒక వీఎంసీ, చేత్తో నడిపే రెండు పాత సెంటర్ లేత్‌లు, ఇనుము కోసే ఒక బ్యాండ్‌సా ఉన్నాయి. టిప్పర్ల హైడ్రాలిక్ సిలిండర్లకు బుష్‌లు, పిన్నులు, రైస్ మిల్లులకు షాఫ్టులు, సింగరేణికి సామాన్లు సరఫరా చేసే కాంట్రాక్టర్ల జాబ్ వర్కు చేస్తాము. 2025 జూలైలో హైదరాబాద్‌లోని ఒక పాత కస్టమర్ తాము నెలనెలా ఇచ్చే బుష్‌ల ఆర్డరును దాదాపు రెట్టింపు చేస్తామన్నారు. ఉన్న ఆర్డరునే గడువుకు అందించలేక వారం, పది రోజులు ఆలస్యం చేస్తున్న మాకు ఆ కబురు సంతోషంతోపాటు భయాన్నీ తెచ్చింది. ఇంకో సీఎన్‌సీ లేత్ కొనక తప్పదని మా బాపు (నాన్న) నిశ్చయించుకొని, టూలింగ్‌తో కలిపి 24 లక్షలకు కొటేషన్ తెప్పించి, బ్యాంకులో అప్పు కాగితాలు కూడా సిద్ధం చేయించారు.

లెక్కలు, ప్రొడక్షన్ ప్లానింగ్ చూసేది నేను. అంత అప్పు నెత్తిన వేసుకునేముందు, ఉన్న నాలుగు మెషిన్లు నిజంగా నిండుగా నడుస్తున్నాయో లేదో తేల్చుకోవాలని పట్టుబట్టాను. షిఫ్ట్ రిజిస్టరు చూస్తే ప్రతి పేజీలోనూ మెషిన్ పూర్తి షిఫ్ట్ నడిచినట్టే ఉంటుంది, కానీ ఆ గంటలను సైకిల్ టైంతో (ఒక పీసుకు పట్టే సమయంతో) భాగిస్తే రావలసినన్ని పీసులు రావు. ఆ తేడా ఎటు పోతున్నదో రిజిస్టరు చెప్పదు, ఎందుకంటే అది షిఫ్ట్ అయిపోయాక ఇంటికి వెళ్లే తొందరలో ఒక్కసారే రాసే రాత. మెషిన్ నడిచినప్పుడు నడిచినట్టు, ఆగినప్పుడు ఆగినట్టు ఆ క్షణానే నమోదు చేసే పరికరాలు ఉన్నాయని తెలిసి, ఆగస్టు మొదట్లో కంపెనీలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మాలాంటి చిన్న షాపులవాళ్లు ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉన్నారని విని, మొదటి నుంచి ఏం జరిగిందో ఖర్చులతో సహా రాస్తున్నాను.

ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాము. బయటి రాష్ట్రపు పెద్ద కంపెనీ ఒకటి పరికరానికి 35 వేలు, ప్రతి మెషిన్‌కూ ఏడాదికి 12 వేల చందా అన్నది. ఇంకొకరు కనీసం పది మెషిన్లు ఉంటే తప్ప రామన్నారు. చివరికి హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థను ఒప్పుకున్నాము. మెషిన్‌కు 17,500, నెలకు 500 చొప్పున ఏడాది చందా ముందుగానే చెల్లించాలి, రెండింటిపైనా 18 శాతం జీఎస్టీ. ఆ సంస్థ తరఫున వచ్చిన అబ్బాయి ఓఈఈ అనే లెక్క (మెషిన్ సామర్థ్యంలో ఎంత శాతం నిజంగా వాడుకుంటున్నామన్నది) గురించి చెప్పి, ప్రపంచ స్థాయి ఫ్యాక్టరీల్లో అది 85 శాతం ఉంటుందని, మాకూ ఏడాదిలో అంత తెప్పిస్తానని ధీమాగా అన్నాడు. మెషిన్ అందుబాటులో ఉన్న సమయం 90 శాతం, వేగం 95 శాతం, మంచి పీసులు 99.9 శాతం అనుకొని మూడింటినీ గుణిస్తే ఆ 85 వస్తుంది. ఒకే పీసును నెలల తరబడి చేసే లైన్లకు అది తగిన లెక్కే గానీ, యాభై బుష్‌లు కాగానే జాలు (పీసును పట్టి ఉంచే దవడలు) మార్చి పిన్నులు ఎక్కించే మాలాంటి షాపు ఆ అంకె వెంట పడటం దండగ. మా నిన్నటి అంకెతో మా నేటి అంకెను పోల్చుకుంటే చాలునని అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అదే అభిప్రాయం.

ఇదే సమయంలో కేంద్ర ప్రభుత్వపు ఎంఎస్ఎంఈ లీన్ పథకం గురించి కూడా వాకబు చేశాను. అప్పటి నియమాల ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉన్నవాళ్లు అందులో చేరవచ్చు. కన్సల్టెంటును పెట్టుకొని పద్ధతులు మార్చుకునే ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుందన్నారు. మాకు ముందు కావలసింది సలహా కన్నా లెక్క కనుక దాన్ని తరువాతకు ఉంచాము.

ఆగస్టు చివర్లో, వినాయక చవితి అయిన వెంటనే సగం అడ్వాన్సు పంపాము. పది రోజుల్లో బిగిస్తామన్నవాళ్లు మూడు వారాలు దాటాక, సెప్టెంబరు 19న వచ్చారు. ఆ మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ చేసినా "ఈ వారం పక్కా మేడం" అన్న జవాబే వచ్చింది. బాపు నన్ను ఒక్క మాట అనలేదు గానీ, బ్యాంకు మేనేజరు ఫోన్ వచ్చినప్పుడల్లా నా వైపు చూసేవారు. ఆ చూపుకే ఎక్కువ ఇబ్బంది పడ్డాను.

బిగింపు ఒక్క పూట పని అన్నారు. తీగను తెంపకుండా దాని చుట్టూ తగిలించి కరెంట్‌ను కొలిచే సీటీని మెషిన్ మెయిన్ తీగకు పెట్టి, కరెంట్ ఎక్కువ లాగితే నడుస్తున్నట్టు, తక్కువైతే ఆగినట్టు లెక్కిస్తామన్నారు. సాయంత్రానికి తెర మీద నాలుగు మెషిన్లూ పచ్చగా వెలిగాయి. చూడముచ్చటగానే ఉంది గానీ, అందులో రెండు మెషిన్ల దగ్గర ఆ సమయంలో మనిషే లేడు. స్పిండిల్ (మెషిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ఆగినా హైడ్రాలిక్ పవర్ ప్యాక్, కూలెంట్ పంపు, ప్యానెల్ ఫ్యాన్లు కరెంట్ లాగుతూనే ఉంటాయి కనుక పరికరం దృష్టిలో మెషిన్ నడుస్తున్నట్టే. మరునాడు సీటీని స్పిండిల్ మోటారుకు వెళ్లే తీగకు మార్చారు. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కరెంట్ ఫ్రీక్వెన్సీ స్పిండిల్ వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 50 హెర్ట్జ్‌కు తయారైన మామూలు సీటీ అక్కడ పొంతన లేని అంకెలు చూపింది.

ఇక మిగిలిన దారి మెషిన్ నెత్తిన ఉండే మూడు రంగుల టవర్ ల్యాంప్. ప్రోగ్రాం నడుస్తుంటే పచ్చ, ఆగితే పసుపు, అలారం వస్తే ఎరుపు వెలుగుతుంది. ఆ దీపానికి వెళ్లే 24 వోల్టుల తీగ నుంచి ఒక రిలే ద్వారా సంకేతం తీసుకుంటే పని సులువవుతుందని తేలింది. కొటేషన్ ఇచ్చే రోజునే ఇది అడగవలసిన ప్రశ్న అని ఈ పని మొదలుపెట్టేవాళ్లకు గట్టిగా చెబుతాను: సంకేతం ఎక్కడి నుంచి తీసుకుంటారు, ఏ మెషిన్‌లో ఏ తీగ నుంచి అన్నది కాగితం మీద రాయించుకోవాలి. మా వీఎంసీ ఇంకా వారంటీలో ఉంది. ప్యానెల్‌లో వేలు పెడితే వారంటీ పోతుందేమోనని మెషిన్ తయారీదారుకు మెయిల్ రాస్తే, పది రోజులకు అనుమతితోపాటు ఖాళీగా ఉన్న రిలే కాంటాక్టు ఎక్కడుందో చూపే డ్రాయింగు కూడా పంపారు. మా పాత లేత్‌లో మాత్రం పచ్చదీపం ప్రోగ్రాం నడిచినా నడవకపోయినా వెలుగుతూనే ఉంటుంది, తయారైనప్పుడే దాని లాడర్ (మెషిన్ లోపలి కంట్రోల్ ప్రోగ్రాం) అలా రాశారట. సర్వీస్ ఇంజనీరును పిలిపించి దాన్ని మార్పించడానికి 6,500 ఖర్చయింది, ఆయన రావడానికి రెండు వారాలు పట్టింది.

వైఫై కూడా మాకు కొత్త పాఠమే. ప్యానెల్ తలుపు తెరిచి ఉన్నప్పుడు అందిన సిగ్నల్ మూసేసరికి పోయేది. ఇనుప డబ్బాలో పెట్టిన పరికరానికి సిగ్నల్ అందదని, యాంటెన్నాను తీగతో బయటికి తీశాక గానీ వాళ్లు చెప్పలేదు.

ఇంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. అక్టోబరు 2న దసరా నాడు మెషిన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తుంటే, మా హెల్పరు నాలుగు కొత్త డబ్బాలకు కూడా పసుపు కుంకుమ పెట్టి, యాంటెన్నా చుట్టూ ఒక్కో బంతిపువ్వు చుట్టాడు. అప్పటికి ఆ డబ్బాల మీద షాపులో ఎవరికీ సదభిప్రాయం లేదని నాకు తెలుసు. అయినా అతను వాటిని విడిచిపెట్టకపోవడం చూసి నా మనసు కొంత కుదుటపడింది.

సదభిప్రాయం లేకపోవడానికి కారణం ఉంది. బిగించిన మొదటి రోజున గోడ మీది టీవీలో మెషిన్ పేరు కింద ఆపరేటర్ పేరు కూడా కనిపించింది. ఆ సాఫ్ట్‌వేరు అలాగే వస్తుందట. మెషిన్ ఆగగానే ఆ గడి మొత్తం, పేరుతో సహా, ఎర్రబడుతుంది. పదిహేనేళ్లుగా మా దగ్గరే పనిచేస్తున్న సీనియర్ ఆపరేటరు దాని ముందు చాలాసేపు నిలబడి, నా దగ్గరికి వచ్చి అన్నాడు: "అక్కా, మెషిన్ ఆగితే ఎర్రగైతది, మంచిదే. మరి మెటీరియల్ రాక ఆగినా మా పేరే ఎర్రగైతదా?" వెనకాల నుంచి ఇంకొక పిల్లవాడు, "ఒంటికి పోయినా, చాయ్ తాగినా గుడ రాస్తదా అక్కా ఇది? జీతం గోస్తరా?" అని అడిగాడు. ఆ ప్రశ్నల్లో కోపం కన్నా బెదురే ఎక్కువగా వినిపించింది. ఆ సాయంత్రమే పేర్లు తీసేయించి, మెషిన్ నంబర్లు మాత్రమే ఉంచాము. మరునాడు బాపుతో మాట్లాడి, ఈ లెక్కల ఆధారంగా ఎవరి జీతమూ, ఓవర్‌టైమూ తగ్గించబోమని తెలుగులో ఒక కాగితం రాసి, ఆయన సంతకంతో నోటీసు బోర్డుకు అతికించాము. దసరా బోనసు ఇచ్చేటప్పుడు బాపు ఆ మాటనే అందరి ముందు మళ్లీ చెప్పారు. మెషిన్ ఆగిందన్న సంగతి పరికరం ఎంత కచ్చితంగానైనా పట్టుకుంటుంది. ఎందుకు ఆగిందో మాత్రం దాని పక్కన నిలబడ్డ మనిషి చెప్పాలి, భయపడే మనిషి ఉన్నదున్నట్టు చెప్పడు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అర్థమైన విషయం ఇదే. అందుకే పరికరాలకు పెట్టిన డబ్బు కన్నా ఆ కాగితానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అక్టోబరు 6 నుంచి అసలు లెక్క మొదలైంది. మొదటి వారం చివర రిపోర్టు తీస్తే, చాయ్, భోజనం విరామాలు తీసేశాక కూడా, మూడు లేత్‌లు షిఫ్ట్ సమయంలో 41 నుంచి 49 శాతం, వీఎంసీ 38 శాతం మాత్రమే నడిచినట్టు వచ్చింది. బాపు నమ్మలేదు. పరికరమే తప్పు చెబుతున్నదని, ఒక పూటంతా కుర్చీ వేసుకొని రెండో లేత్ ఎదుట కూర్చుని, నోటుబుక్కులో స్వయంగా సమయాలు రాసుకున్నారు. సాయంత్రం రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూసినప్పుడు తేడా రెండు, మూడు నిమిషాలకు మించలేదు. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 1994లో సెకండ్ హ్యాండ్ లేత్ ఒక్కదానితో షాపు మొదలుపెట్టిన మనిషి, తన మెషిన్లు సగం సమయం ఖాళీగా ఉన్నాయన్న మాటను అరగించుకోవడం తేలిక కాదు.

పీసుల లెక్కలోనూ మొదట తేడా వచ్చింది. పచ్చదీపం వెలిగి ఆరితే ఒక పీసు అని పరికరం లెక్క. పీసు సైజుకు సరిపడేలా సాఫ్ట్ జాలు బోర్ చేసినా, పీసు పెట్టకుండా గాలిలో డ్రై రన్ వేసినా దాని దృష్టిలో పీసే. మామూలు సైకిల్ టైంలో సగం కన్నా తక్కువ నడిచినదాన్ని లెక్కించవద్దని సెట్టింగు మార్పిస్తే ఆ తేడా చాలావరకు పోయింది. ఫీడ్ ఓవర్‌రైడ్‌ను (టూలు కదిలే వేగాన్ని) బాగా తగ్గించి నడిపినా దీపం పచ్చగానే ఉంటుంది కనుక, నడిచిన శాతాన్ని ఒక్కదాన్నే చూడకుండా పీసుకు పట్టిన సమయాన్ని కూడా చూడాలి. అలా చూసినప్పుడే ఒకే బుష్‌కు ఇద్దరు ఆపరేటర్ల మధ్య దాదాపు నిమిషం తేడా బయటపడింది. నిదానంగా నడిపినతను బద్ధకించలేదు. అతని మెషిన్‌లో బోరింగ్ బార్ పట్టే హోల్డరు అరిగిపోయి చాటరింగ్ (అదురు) వస్తుంటే, పీసు పాడవకుండా ఫీడు తగ్గించుకుంటున్నాడు. హోల్డరు మార్చాము, తేడా పోయింది.

ఇక కారణాల నమోదు. దీనికి సంస్థవాళ్లు ట్యాబ్‌లు వాడమన్నారు. ఒక్కోటి 8,500 పెట్టి రెండు కొన్నాము. మెషిన్ అయిదు నిమిషాలకు మించి ఆగితే ట్యాబ్ కారణం అడుగుతుంది, ఆపరేటరు వేలితో నొక్కాలి. కూలెంట్‌తో తడిసి, నూనె అంటిన వేలికి ఆ తెర పలకదు. పలికినా పక్క గడి పడుతుంది. చేతులు తుడుచుకొని, వెళ్లి, కళ్లు చిట్లించి వెతికే ఓపిక పీసులు వెంటపడుతున్న మనిషికి ఎక్కడిది? వారం తరువాత చూస్తే ఆగిన సమయంలో ముప్పావు వంతుకు "ఇతరములు" అన్న కారణమే ఉంది, ఎందుకంటే అది అన్నిటికన్నా కింద, బొటనవేలికి అందేచోట ఉంది.

హనుమకొండ చౌరస్తాలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో మెషిన్ ప్యానెళ్లకు వాడే పుష్ బటన్లు, ప్లాస్టిక్ డబ్బాలు కొని, ఎన్ఐటీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా చిన్నమ్మ కొడుకు సాయంతో మెషిన్‌కు ఒక బటన్ డబ్బా తయారు చేయించాము. డబ్బాకు 2,200 అయింది. మీద ఆరు బటన్లు, ఒక్కోదాని కింద పెయింటుతో తెలుగు అక్షరాలు: మెటీరియల్, ఇన్సర్ట్ (టూలు కోసే మొన మార్చడం), సెట్టింగ్ (కొత్త జాబ్‌కు మెషిన్‌ను సిద్ధం చేయడం), ఓకే కోసం, కరెంట్, రిపేరు. ఆ మాటలు నేను పెట్టినవి కావు. ఆపరేటర్లందరినీ కూర్చోబెట్టి, ఆగినప్పుడు మీరు నోటితో ఏమంటారో అదే చెప్పండి అంటే వాళ్లు చెప్పినవి. "ఫస్ట్ పీస్ ఇన్‌స్పెక్షన్" అని సాఫ్ట్‌వేరులో ఉన్నదాన్ని వాళ్లు "ఓకే కోసం" అన్నారు, అదే ఉంచాము. "ఇతరములు" బటన్ పెట్టనే లేదు. దీపావళి దాటిన వారం నుంచి కారణాలు నిజంగా రావడం మొదలైంది. మెత్తటి గ్లౌజుతో గుద్దినా పనిచేసే ఆ బటన్లు ఇప్పటికి ఒక్కటీ పాడవలేదు. రెండు ట్యాబ్‌లలో ఒకటి స్టోర్స్‌లో ఉంది, రెండోది బీరువాలో ఉంది.

అక్టోబరు 29న మొంథా తుపాను వరంగల్, హనుమకొండలను ముంచెత్తింది. మా షెడ్డులోకి నీళ్లు రాలేదు గానీ, కరెంట్ పోయి, పనివాళ్ల ఇళ్లలోకి నీళ్లు చేరి, షాపు మూతపడింది. కరెంట్ తిరిగి వచ్చినా ఇంటర్నెట్ మరో రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల లెక్క పరికరంలోనే భద్రంగా ఉండి, నెట్ రాగానే పైకి వెళ్తుందని సంస్థవాళ్లు చెప్పారు. వెళ్లింది కూడా, కానీ రిపోర్టులో ఆ రెండు రోజుల పని 1970 జనవరి 1, ఉదయం 5:30 నుంచి జరిగినట్టు నమోదై ఉంది. చూసి మొదట నాకేమీ అర్థం కాలేదు. పరికరం లోపలి గడియారానికి బ్యాటరీ లేదని, కరెంట్ పోయి వచ్చాక నెట్ నుంచి సమయం అందకపోతే కంప్యూటర్లు కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టే ఆ తేదీకే వెళ్లిపోతుందని, గ్రీనిచ్ అర్ధరాత్రి మనకు ఉదయం అయిదున్నర అవుతుందని ఆ చిన్నమ్మ కొడుకే చెప్పాడు. సంస్థవాళ్లతో గట్టిగా మాట్లాడితే, బిళ్ల బ్యాటరీ ఉన్న గడియారం చిప్పును నాలుగింటికీ ఉచితంగా వేశారు, దానికి నవంబరు మూడో వారం అయింది. కరెంట్, నెట్ తరచుగా పోయే చోట షాపు ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం ముందే అడగండి.

కారణాలు నెల రోజులు పోగయ్యాక నవంబరు చివర్లో వాటిని పట్టిక వేసి చూశాను. అన్నిటికన్నా పైన "ఓకే కోసం" ఉంది. మెషిన్‌కు రోజుకు సుమారు రెండు సెట్టింగులు పడతాయి. సెట్టింగు అయ్యాక మొదటి పీసు తీసి, కొలిచి, సరేనన్నాకే మిగతావి నడపాలి. ఆ సరే అనేది షాపులో బాపు ఒక్కరే. ఆయన బ్యాంకులో ఉన్నా, స్టీలు కోసం బాలానగర్ వెళ్లినా, ఇంకో మెషిన్ దగ్గర ఉన్నా పీసు టేబుల్ మీద, మెషిన్ పసుపు దీపంతో, ఆపరేటరు చేతులు కట్టుకొని ఎదురుచూస్తారు. సగటున 40 నిమిషాలు. నాలుగు మెషిన్లకు లెక్క వేస్తే రోజుకు అయిదు గంటలు దాటుతుంది, అంటే కొత్త మెషిన్ నుంచి మేము ఆశిస్తున్న సమయంలో పెద్ద భాగం ఆ టేబుల్ దగ్గరే ఉంది.

ఈ పట్టికను బాపు ముందు పెట్టడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. చూపించినప్పుడు ఆయన అన్నది ఒక్కటే: "నేను సూడకుండ పీస్ పోతే, వాపస్ అచ్చినంక ఎవడు జవాబిస్తడు?" అది అహంకారం కాదు. ముప్పై ఏళ్లుగా తన చేతిలో కొలవని పీసు బయటికి పోనివ్వకపోవడం వల్లే మాకు ఆ పాత కస్టమర్లు మిగిలారు. చాలా మాటలయ్యాక ఒక పద్ధతికి వచ్చాము. రంధ్రాలు కొలిచే ఇంకో బోర్ గేజ్, మైక్రోమీటరు 14 వేలు పెట్టి కొన్నాము. సీనియర్ ఆపరేటరు, మరొకరు, ఇద్దరికీ బాపే పక్కన కూర్చొని రెండు వారాలు నేర్పారు. ఒకరి మెషిన్ మొదటి పీసును ఇంకొకరు కొలిచి, కొలతలు చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. బాపు వీలైనప్పుడు ఆ చీటీలను, పీసులను మళ్లీ చూస్తారు. కొత్త డ్రాయింగు అయితే మాత్రం ఆయన చూడకుండా నడపకూడదు. డిసెంబరు మధ్యలో ఇది మొదలైంది. మూడు విడతల సర్పంచ్ ఎన్నికలకు ఊళ్లకు వెళ్లివచ్చేవాళ్లతో ఆ వారాలు కొంత కుంటుపడినా, నెలాఖరుకు ఎదురుచూపు పావుగంటకు దిగింది. ఈ పద్ధతి వచ్చాక రిజెక్షన్ పెరగలేదు.

రెండో సంగతి వీఎంసీది. రాత్రి షిఫ్టులో రెండు, నాలుగు గంటల మధ్య అది తరచుగా అరగంటకు పైగా ఆగుతున్నట్టు అక్టోబరులోనే కనిపించింది. నిద్రపోతున్నారని బాపు అనుకున్నారు, నిజానికి నాకూ అదే అనుమానం. ఆ ఆగినవాటికి ఏ బటనూ నొక్కి లేకపోవడంతో అడిగితే, రాత్రి ఆపరేటరు "ఏ బటన్ ఒత్తాలె అక్కా, నీళ్లకు బటనే లేదు గద" అన్నాడు. కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గి అలారం వస్తుంది. నింపాలంటే సంపు మోటారు తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఆయన్ను లేపాలి, బయటి నల్లా నుంచి బకెట్లతో నీళ్లు మోయాలి, కూలెంట్ నూనె పాళ్లు చూసి కలపాలి. ఒక్కడే మనిషి చీకట్లో ఇదంతా చేస్తున్నాడన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. పగటి షిఫ్టులోనే కూలెంట్ కలిపి నింపి ఉంచేలా వీఎంసీ పక్కన పెద్ద డ్రమ్ము, చిన్న మోటారు పెట్టించాము, ఆరు వేల చిల్లర అయింది. అతన్ని అనుమానించినందుకు బాపు మరునాడు రాత్రి తనే షాపుకు వెళ్లి, అతనితో కూర్చొని చాయ్ తాగి వచ్చారు.

సాయంత్రాల్లో వోల్టేజి పడి డ్రైవ్‌లు ట్రిప్ కావడం గురించి మాత్రం ఒక్క మాట. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్న పట్టికను దరఖాస్తుకు జతచేసి ఇచ్చాక, లైన్ సిబ్బంది వచ్చి మా స్తంభం దగ్గర వదులైన కనెక్షన్ కనిపెట్టి బిగించారు. అంతకుముందు నోటితో చెప్పినప్పుడు కదలని పని, గంటలు నిమిషాలతో చూపిస్తే వారంలో అయింది.

ఇప్పుడు మొత్తం ఖర్చు. పరికరాలకు జీఎస్టీతో 82,600, ఏడాది చందా 28,320, బిగింపు 8,000, కేబుళ్లు, ఎంసీబీలు, రూటరు 11,000, టీవీ 11,000, ట్యాబ్‌లు 17,000, బటన్ డబ్బాలు 8,800, లాడర్ మార్పు 6,500, అన్నీ కలిపి లక్షా 73 వేలు దాటింది. కొటేషన్‌లో కనిపించినది ఇందులో లక్షా 11 వేలే. బోర్ గేజ్, డ్రమ్ము లాంటివి వేరు. జీఎస్టీలో చాలావరకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వచ్చింది.

జనవరిలో మొదటి మూడు వారాలు నాలుగు మెషిన్లూ 57 నుంచి 61 శాతం మధ్య నడిచాయి. 28 నుంచి మేడారం జాతరకు షాపు దాదాపు ఖాళీ అయింది కనుక నెలాఖరు లెక్కను పక్కన పెట్టాము. పెరిగిన బుష్‌ల ఆర్డరులో మొదటి విడత ఫిబ్రవరిలో గడువుకు రెండు రోజుల ముందే పంపాము. బ్యాంకులో అప్పు కాగితాలు వెనక్కి తీసుకున్నాము. నడిచిన గంటలు పెరిగిన నెలల్లో హెల్పరు, వాచ్‌మన్‌తో సహా అందరికీ ఒకే మొత్తం పంచాలని బాపు నిర్ణయించారు, జనవరి నుంచి అమలవుతున్నది. రెండు పాత సెంటర్ లేత్‌లకు పరికరాలు పెట్టబోవడం లేదు, అవి రిపేరు పనులకే వాడుతాము కనుక వాటి ఖాళీ సమయం మాకు నష్టం కాదు.

సెప్టెంబరులో చందా మళ్లీ కట్టాలి. చందా ఆపేస్తే పాత లెక్కలన్నీ మాకు అందకుండా పోతాయని ఒప్పందం చివరి పేజీలో ఉంది. నెలనెలా మొత్తం రికార్డు ఎక్సెల్ ఫైలుగా మాకు ఇవ్వాలని రాయించాకే కడతామని చెప్పాము, వాళ్లు ఒప్పుకున్నారు. ప్రస్తుతం పట్టికలో పైన ఉన్న కారణం "సెట్టింగ్". ఎక్కువగా వచ్చే అయిదు జాబ్‌లకు విడివిడిగా సాఫ్ట్ జాల సెట్లు చేయించి, నంబర్లు కొట్టించి, మెషిన్ పక్కనే పెట్టాలని ఆపరేటర్లే సూచించారు. వాటికి ఆర్డరు ఇచ్చాము, నెలాఖరుకు వస్తాయి.